బావ బగ్గీకి కాస్త వదులు

"బిగుతుగా ఉందిరా పళ్ళోడా," అన్నాడు మా బావ, రిమోట్‌ని కుట్టుమిషను మీద పెట్టేస్తూ. అలా అనడం అది ఐదోసారి. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

నన్ను పళ్ళోడా అని పిలిచే చనువు ఆయనొక్కడికే ఉంది. నేను డాక్టర్ని కాను. డాక్టర్లు పంపే అచ్చులు చూసి కట్టుడు పళ్ళు చేసే టెక్నీషియన్ని. ఇరవై రెండేళ్ళుగా అదే పని. ఒక్క పన్ను వెంట్రుకవాసి ఎత్తుగా ఉంటే చాలు, పెట్టుకున్నవాళ్ళు డాక్టర్ని తిడతారు, డాక్టరు నన్ను తిడతాడు. అందుకని వెంట్రుకవాసి అంటే ఎంతో నా వేళ్ళకి బాగా తెలుసు. అలాంటి వేళ్ళతో నేను చేసిన స్టీరింగ్‌ని, బట్టలు కుట్టుకునే మనిషి బిగుతంటాడు!

"బిగుతుగా ఉండాలనే చేశాను బావా. వదులుగా ఉంటే దాన్ని స్టీరింగ్ అనరు, గిలక్కాయ అంటారు."

"చొక్కా ఒంటికి అతుక్కుపోయేలా కుడితే చెయ్యెలా ఎత్తుతావ్? చంకలో కొంచెం వదలాలి. నీకు వదలడం తెలీదు."

"ఇది చొక్కా కాదు."

"అదే నేనూ చెబుతున్నా. ఇది పళ్ళసెట్టూ కాదు."

ఆయనతో మాట్లాడుతుంటే తల ప్రాణం తోకకొస్తుంది. కారుని అట్టపెట్టెలో పెట్టుకుని, చెప్పులేసుకుని వచ్చేశాను. గుమ్మం దగ్గర అక్క మాట్లాడబోయింది. "రేపు చూద్దాంలే అక్కా," అన్నాను, ఆమె మొహం కూడా చూడకుండా.

అసలీ తద్దినం నా నెత్తిన పెట్టింది అక్కే. ఆ బగ్గీ బావ పెళ్ళికి ముందు, తొలి సంపాదనతో కొనుక్కున్న రిమోట్ కారు. మట్టిలో పరిగెత్తే రకం, మూరెడు పొడవు, వెనక పెద్ద చక్రాలు, ముందు చిన్నవి. ఆ రోజుల్లో పందేల్లో ఆయన్ని కొట్టినవాడు లేడట. తర్వాత కొట్టు, సంసారం. కారు అటకెక్కింది. పాతికేళ్ళ తర్వాత దించితే ప్లాస్టిక్ అంతా బిస్కెట్టులా పుటుక్కున విరుగుతోంది. తయారుచేసిన కంపెనీయే లేదిప్పుడు, విడిభాగాలెక్కడివి?

రెండు నెలల కిందట అక్క నన్ను వంటింట్లోకి పిలిచి, కుళాయి తిప్పి, ఆ నీళ్ళ చప్పుడులో చెప్పింది.

"మీ బావ కుడిచెయ్యి వణుకుతోందిరా. కత్తిరింపులన్నీ పనివాడికి ఇచ్చేశారు, అడిగితే కళ్ళు లాగుతున్నాయంటారు. ఆస్పత్రికి వెళ్దామంటే ఇంతెత్తున లేస్తారు. పాత కార్ల పందెం ఉందని ఎవరో చెప్పారట, మొన్నట్నుంచీ దాని గురించే మాట్లాడుతున్నారు. ఆ పందెం ఒక్కటీ అయ్యాక నేను చెప్పినట్టు వింటానన్నారు. ఎలాగోలా ఆ కారు నడిచేలా చెయ్యి. నీకు దణ్ణం పెడతాను."

"ఆయన్ని అడగనా?"

"అడిగావంటే నీ మీదా లేస్తారు. నీకు తెలీనట్టే ఉండు."

అలా తెలీనట్టే ఉన్నాను. కొన్నాళ్ళకి పనిలో పడి నిజంగానే తెలీనట్టు అయిపోయాను. ఆ సంగతి ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది.

పని మాత్రం ప్రాణం పెట్టి చేశాను. చక్రాల్ని పట్టుకునే చేతులు నాలుగూ, విరిగిన ముక్కల్నే అతికించి అచ్చు తీసి, పళ్ళసెట్లకి వాడే ఆక్రిలిక్‌తో పోశాను. చిగుళ్ళ రంగు తప్ప నా దగ్గర వేరే రంగు లేదు. బిగించి చూపిస్తే బావ పగలబడి నవ్వాడు. "ఒరేయ్, నా కారు ఇకిలిస్తోందిరా!" అన్నాడు. అక్క కూడా నవ్వింది. ఆ ఒక్క రోజూ బాగానే గడిచింది.

గేర్లు మైనంతో చెక్కి, లోహంతో పోత పోశాను. మొదటిసారి రెండు పళ్ళు పోయాయి. పళ్ళు చేసేవాడి గేరుకి పళ్ళు పోవడమేమిటని మా ల్యాబ్ యజమాని వారం రోజులు నవ్వాడు. రెండోసారి పోత చల్లారక ముందే తొందరపడి పగలగొట్టాను, వంకరపోయింది. మూడోసారి కుదిరింది.

ఇక స్టీరింగ్. ముందు చక్రాల్ని తిప్పడానికి సర్వో అని ఒక బుల్లి మోటారు ఉంటుంది. రిమోట్ మీద వేలు ఎంత కదిలితే అది అంత తిరుగుతుంది. దానికీ చక్రాలకీ మధ్య ఉన్న ప్లాస్టిక్ ముక్కలు అరిగి లొడలొడలాడుతున్నాయి. వాటినన్నిటినీ తీసి పారేసి, పళ్ళ ఫ్రేములు పోసే లోహంతో కొత్తవి చేశాను. ఒక్కో కన్నం, అందులో దూరే మేకు, వెంట్రుక కూడా పట్టకుండా అమిరాయి. మా సందులో నేను నడిపితే దారం లాగినట్టు తిన్నగా పోయింది. కొత్తదిగా ఉన్నప్పుడు కూడా అది అంత బాగా నడిచి ఉండదు. బావ నడిపితే మాత్రం ఆ గోడకీ ఈ గోడకీ మెలికలు తిరిగింది.

అలవాటు తప్పింది, ఒప్పుకోవడానికి నామోషీ అనుకున్నాను. సర్వో మార్చాను, రిమోట్ లోపల సర్దాను, చక్రాల వాలు మార్చాను. ఏం చేసినా అదే మాట, బిగుతు. మెచ్చుకోలు అక్కర్లేదు, బాగుందిరా అని ఒక్క ముక్క అంటే ఆయన సొమ్మేం పోయింది?

పందేనికి వారం ముందు ఆదివారం అందరూ గోదాముల వెనక మైదానంలో ప్రాక్టీసుకి చేరారు. ఏడెనిమిది మంది, అందరికీ బట్టతలలో బొజ్జలో, ఒకరిద్దరికి రెండూ. మట్టిలో పాత టైర్లు పరిచి మలుపులు పెట్టారు. నడిపేవాళ్ళు నిలబడడానికి చెక్కల అరుగు. విజిల్ వేసే ఆయన ఒకప్పుడు బడిలో ఆటల మాస్టారట, ఇంకా అదే గొంతు.

కార్లన్నీ గీత మీద వరసగా పెట్టారు. బావ అరుగు మీద నిలబడ్డాడు. నేను బగ్గీ పక్కన గొంతుక్కూర్చుని, నా స్టీరింగ్‌ని ఎవరైనా చూస్తున్నారా అని ఓరకంట చూసుకుంటున్నాను. నిజంగానే చూశారు. వాళ్ళలో బ్యాటరీల కొట్టు నడిపే ఒకాయన నడుం వంచి మరీ చూశాడు.

"ఇదేమిటయ్యా, దీని చక్రాలు వణుకుతున్నాయి?"

కారు కదలడం లేదు. గీత మీద నిలబడే ఉంది. ముందు చక్రాలు రెండూ ఎడమకీ కుడికీ, ఎడమకీ కుడికీ, ఆగకుండా కొట్టుకుంటున్నాయి. కదలిక చిన్నదే, కానీ పది అడుగుల దూరం నుంచి కనిపిస్తోంది. అరిగిన పాత ముక్కలే ఉంటే ఆ కాస్తా వాటి లొడలొడలోనే కలిసిపోయేది, చక్రాల దాకా వచ్చేది కాదు. నేను వెంట్రుక సందు కూడా ఉంచలేదు. బావ వేలి దగ్గర ఉన్నదంతా ఉన్నదున్నట్టు తెచ్చి, నలుగురి ముందూ నేల మీద పెట్టాను.

"సర్వో పోయుంటుంది," అన్నాడొకాయన.

"పోవడం కాదు, చలిజ్వరం వచ్చింది!" అన్నాడు బ్యాటరీల కొట్టాయన. అందరూ నవ్వారు.

తలెత్తి చూశాను. బావ చక్రాల వంక చూస్తున్నాడు. తర్వాత నా వంక చూశాడు. ఆ చూపులో కోపం ఉంటే బాగుండేది. రిమోట్ ఆపేశాడు. చక్రాలు టక్కున ఆగిపోయాయి.

"సర్వో కాదు," అన్నాను పైకి లేచి, అవసరమైన దానికన్నా గట్టిగా. "నాదే తప్పు. వైర్లు అతకడం సరిగ్గా రాలేదు. నాకు చేతకాలేదు."

"మరి, కట్టుడు పళ్ళు అతికించినట్టు కాదు కదా!" అన్నాడింకొకాయన.

మళ్ళీ నవ్వులు. నేనూ నవ్వాను. ఇరవై రెండేళ్ళలో నా పని చెడిందని నేను నలుగురిలో ఒప్పుకోవడం అదే మొదలు. అదీ చెడని పని గురించి.

స్కూటర్ మీద వస్తుంటే వెనక నుంచి బావ అన్నాడు. "వచ్చే వారం నేను రావట్లేదు. కారు నువ్వే ఉంచుకో. మీ అక్కకి సర్వో పోయిందని చెప్పు."

నా మీద నాకే అసహ్యం వేసింది. ఆయన ఐదుసార్లు చెప్పాడు. చెయ్యి అనే మాట ఒక్కటీ మింగేసి, మిగతాదంతా చెప్పాడు. నేనేమో పనితనం చూపించుకునే సంబరంలో, పందెం కాదు కదా, ఆయన గడప దాటే దారి కూడా మూసేశాను. పందెం లేకపోతే ఆస్పత్రి లేదు. అక్కకి ఏ మొహం పెట్టుకుని చెప్పను?

చెప్పలేదు. సోమవారం మధ్యాహ్నం అందరూ భోజనాలకి వెళ్ళాక, ల్యాబ్‌లో ఆ లోహపు ముక్కల్ని ముందేసుకుని కూర్చున్నాను. కన్నాలు పెద్దవి చెయ్యాలి. డ్రిల్లు పట్టుకున్నాను గానీ చెయ్యి సాగలేదు. కన్నబిడ్డని నేనే కొట్టినట్టుంది. తిట్టుకుంటూనే తొలిచేశాను. చిగుళ్ళు ఒరుసుకుపోయిన పెద్దవాళ్ళకి పళ్ళసెట్టు అడుగున మెత్తటి రబ్బరులాంటిది వేస్తాం. దాంతో చిన్న చిన్న ఉంగరాలు పోసి, ఆ కన్నాల్లో కూర్చోబెట్టాను.

ఎంత వదులు పెట్టాలి? అదెవర్ని అడగను? రిమోట్ చేతిలోకి తీసుకుని, నా కుడిచెయ్యి నేనే వణికించి చూశాను. చక్రాలు ఇంకా కదులుతున్నాయి. ఇంకొంచెం తొలిచాను. మళ్ళీ వణికించాను. అలా ఆపుతూ చేస్తూ ఒక పావుగంట గడిచేసరికి, నా చెయ్యి భుజం దాకా పీకేసింది. చాలు బాబోయ్ అని రిమోట్ కింద పెట్టేశాను. పెట్టేశాక గుర్తొచ్చింది, ఆయనకి కింద పెట్టే వీలు లేదని. అక్కడే బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చాను. యజమాని భోజనం నుంచి వచ్చి, ఆక్రిలిక్ పౌడరు కంట్లో పడిందా అన్నాడు. పడిందన్నాను.

బుధవారం కొట్టుకి వెళ్ళాను. బావ నన్ను చూసి మొహం తిప్పుకున్నాడు.

"తీసుకుపొమ్మన్నానుగా."

"ఒక్కసారి చూడు. నచ్చకపోతే నేనే చెత్తబుట్టలో పడేస్తాను."

"నీ మొండితనం మండిపోనూ," అన్నాడు గానీ రిమోట్ అందుకున్నాడు. కారుని కత్తిరింపు బల్ల మీద, బట్టల పక్కన పెట్టాను. మీట నొక్కాడు. ఇద్దరం చక్రాల వంక చూస్తూ నిలబడ్డాం. అవి కదల్లేదు. వేలు కావాలని పక్కకి తోశాడు, కాస్త ఆలస్యంగా, బద్ధకంగా తిరిగాయి. వదిలాడు, ఊరుకున్నాయి.

"ఏం చేశావ్?"

"వదులు పెట్టాను."

"ఎంత?"

"కావలసినంత."

ఆయన పందెం ఎన్నింటికో అడిగాడు.

ఆదివారం ఆరు కార్లు పరిగెత్తాయి. గీత మీద మా బగ్గీ రాయిలా నిలబడింది. పరుగు మొదలయ్యాక మాత్రం నా ప్రాణం ఉసూరుమంది. మలుపు వచ్చిన ఎంతసేపటికో గానీ తిరగదు, తిరిగాక తిన్నగా రాదు. నేను చేసిన మొదటి స్టీరింగ్ ఉంటేనా అని పళ్ళు కొరుక్కున్నాను. బావ మాత్రం ఆ ఆలస్యం ఎంతో కనిపెట్టేసి, మలుపుకి ఇంకా బారెడు దూరం ఉండగానే తిప్పడం మొదలుపెట్టాడు. నాలుగోవాడిగా వచ్చాడు. అక్క చేతులు నొప్పిపుట్టేలా చప్పట్లు కొట్టింది.

అంతా సర్దుకుంటుంటే బావ అరుగు అంచున, నా పక్కన కూర్చున్నాడు. కారు ఒళ్ళో పెట్టుకుని, ఆ రబ్బరు ఉంగరాల్ని గోటితో నొక్కి చూశాడు.

"ఇది ఎన్నాళ్ళుంటుందిరా?"

"నోట్లో అయితే ఏడాది. ఇక్కడైతే చేతిని బట్టి," అనేసి నాలిక్కరుచుకున్నాను.

ఆయన లేవలేదు, అరవలేదు.

"ఆర్నెల్ల కిందట ఇంత లేదు," అన్నాడు. "మొదట బొటనవేలొక్కటే. నిద్ర చాలక అనుకున్నా. తర్వాత కత్తెర పట్టు తప్పింది. ఒకాయన కోటు గుడ్డ పాడుచేశాను. భయమేసిందిరా. చెబితే నిజమైపోతుందేమోనని ఎవరికీ చెప్పలేదు."

నేను తుడిచిన చక్రాన్నే మళ్ళీ తుడుస్తున్నాను.

"ఇంకా పెరిగితే ఇంకొంచెం వదులు చేస్తావు. అంతేగా?"

"అంతే."

"దానికీ ఒక హద్దుంటుంది కదా?"

అబద్ధం చెబుదామనుకున్నాను. పోయిన వారం అంతమందిలో అవలీలగా వచ్చిన అబద్ధం ఇప్పుడు నోటికి రాలేదు.

"ఉంటుంది బావా. ఒక హద్దు దాటాక తిప్పినా తిరగదు."

ఆయన తలూపాడు. అక్క మంచినీళ్ళ సీసా పట్టుకుని వచ్చింది. బావ కుడిచేత్తోనే అందుకున్నాడు.

"రేపు కొట్టు తియ్యను," అన్నాడు ఆమెతో. "పొద్దున్నే ఆస్పత్రికి వెళ్దాం. వీణ్ణి కూడా రమ్మను."

అక్క నా వంక చూసింది. నేను నేల చూపులు చూశాను. బావ సీసా ఎత్తాడు. నీళ్ళు గడ్డం మీంచి కారి చొక్కా అంతా తడిసింది. బ్యాటరీల కొట్టాయన చేస్తున్న పని ఆపి ఇటే చూస్తున్నాడు. అక్క గబుక్కున సీసా పట్టుకోబోయింది.

"ఉండు," అన్నాడు బావ. సీసాలో మిగిలిన నీళ్ళన్నీ తనే తాగాడు.