మడతలో రోడ్డు

పన్నెండేళ్ళుగా సబ్బు డబ్బాల మీదా బిస్కెట్ పొట్లాల మీదా ఊరూపేరూ లేని బొమ్మలు గీసిన మనిషికి, ఒక్కసారైనా పుస్తకం అట్ట మీద తన పేరు చూసుకోవాలనుకోవడం అత్యాశేం కాదు. జడముడిలో ఎప్పుడూ పెన్సిల్ గుచ్చుకుని తిరిగే పెన్సిలక్కకి ఆ ఆశ కొండంత. తను బొమ్మలు వేసిన అడవిపిల్లి పుస్తకానికి, అచ్చుకి ముందు సరిచూసుకునే ప్రూఫులు చేతికొచ్చి, అట్ట మీద పేరు కనబడగానే ఆమె కాళ్ళు నేల మీద నిలవలేదు. తొమ్మిదో బొమ్మ దగ్గరికొచ్చేసరికి ఆ సంబరం కాస్తా ఎగిరిపోయింది.

బొమ్మల పుస్తకాలకి పాత నియమం ఒకటుంది. రెండు పేజీలు కలిసే మడతలో ముఖ్యమైనదేదీ వెయ్యకూడదు, కుట్టులో పడి కనబడకుండా పోతుంది. పెన్సిలక్క పనిగట్టుకుని ఆ మడతలోనే తారురోడ్డు వేసింది. తల్లిపిల్లి ఎడమ పేజీలో, దాని కూన కుడి పేజీలో. అడవిని చీల్చిన రోడ్డుకి అంతకంటే తగిన చోటు లేదని ఆమె వాదన. ప్రూఫులో మాత్రం కూన తల్లి పక్కకొచ్చి బుద్ధిగా కూర్చుంది.

ఆమె తిన్నగా ప్రచురణకర్త గదికి వెళ్ళింది. ఆయన సొంత బాబాయే. పక్కన కంప్యూటర్ మీద పేజీలు కూర్చే పెద్దమనిషి తలెత్తలేదు.

“కూనని ఎవరు జరిపారు బాబాయ్?”

“నేనే జరిపించానమ్మా. పిల్లలు ఏడుస్తారు. ఏడిపించే పుస్తకం ఎవరు కొంటారు?”

“ఏడవనీ. అడవి పోయిందని ఏడవడానికి పెద్దవాళ్ళకి ఎలాగూ తీరిక లేదు.”

“పక్కపక్కన ఉంటే నీ సొమ్మేం పోయింది?”

“నాదేం పోలేదు. దాని ఇల్లు పోయింది. పోలేదని పసివాళ్ళకి అబద్ధం చెప్పమంటావా?”

బాబాయికి ఒళ్ళు మండింది. “అయితే విను. కూన అవతలే ఉంటే అట్ట మీద నీ పేరుండదు. ఏది కావాలో తేల్చుకో.”

అది ఆయువుపట్టు చూసి కొట్టిన దెబ్బ. ఆ పేరు కోసం ఆమె ఎంత తపించిందో ఆయనకి తెలిసినంతగా ఎవరికీ తెలియదు.

పెన్సిలక్కకి ఏడుపొచ్చింది. దాన్ని దిగమింగి, జడముడిలోంచి పెన్సిల్ లాగి అట్ట మీద తన పేరు అడ్డంగా కొట్టేసింది. చాలదనిపించి ఇంకో గీత కూడా గీసింది. తర్వాత తొమ్మిదో బొమ్మలో కూన దగ్గర్నుంచి రోడ్డవతలికి బాణం వేసింది.

“అచ్చం మీ నాన్న మంకుపట్టే,” అన్నాడు బాబాయి గొంతు తగ్గించి. “తర్వాత బాధపడతావ్.”

“పడతాను. కానీ నా పేరేదని పిల్లలెవరూ అడగరు బాబాయ్. కూన అటెందుకు ఉండిపోయిందని అడుగుతారు. అడగాలి.”

పేజీలు కూర్చే పెద్దమనిషి యజమాని మాట కోసం ఆగలేదు. మౌస్ పట్టుకుని కూనని రోడ్డు దాటించాడు. బాబాయి వద్దనలేదు, పేరు సంగతీ ఎత్తలేదు.

పెన్సిలక్క తెర మీదకి వంగి చూసింది.

“ఇంకాస్త దూరంగా,” అంది.