రిపేరు బాబాయి చివరి దిద్దుబాటు

పొద్దున్నించి అప్పటికి రెండు తప్పులు దిద్దాడాయన. ఎవరో సగం రాసిన ప్రోగ్రామును కమిట్ చేసి అందరిదాంట్లో కలిపేశారు, ఇంకెవరో పక్కవాళ్ళ ఫైలు తీసిపారేశారు. కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి, చల్లారిన టీ ఒక గుక్క తాగాడు.

ఇరవై రెండేళ్ళుగా ఇదే పని. ఆఫీసంతా కలిసి రాసే ప్రోగ్రాములుండే రిపాజిటరీలో పొరపాటున చేరినవాటిని వెనక్కి తిప్పడం. సొంతంగా రాసిందంటూ పెద్దగా ఏమీ లేదు. కూర్చుని కూర్చుని ఎడమ భుజం కాస్త వాలిపోయింది. అందరికీ ఆయన రిపేరు బాబాయి. "లోకంలో తప్పులన్నీ దిద్దుతారు, మన కుళాయి మాత్రం కారుతూనే ఉంటుంది," అని భార్య దెప్పుతూ ఉంటుంది. రోజూ సాయంత్రం అందరూ రాసినదంతా తన కంప్యూటర్లోకి దింపుకుని, చదివి గానీ ఇంటికి కదలడు. ఈ రోజుతో ఉద్యోగం ముగుస్తుంది. ఐదింటికి కంప్యూటర్ వదిలి వెళ్తే, మర్నాడు తీసుకెళ్ళి అందులో ఉన్నదంతా చెరిపేసి ఇంకొకరికి ఇస్తారు.

పదకొండింటికి కొత్తగా చేరిన అమ్మాయి వచ్చి పక్కన నిలబడింది. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"బాబాయ్, నేను పంపింది రిపాజిటరీ తీసుకోనంది. ఫోర్స్ పెట్టి, అక్కడ ఉన్నదాని మీదే తోసేశాను. పక్క సీటు అన్నయ్య నాలుగు రోజుల పని కనిపించట్లేదు."

పక్క సీటతను ఆసుపత్రిలో, భార్య పురుడు దగ్గర ఉన్నాడు. అతని కంప్యూటర్ తెరవడానికి వీల్లేదు. ఈ అమ్మాయిదేమో ఇంకా ఖాయం కాని ఉద్యోగం, ఊడిపోతుందని భయం.

ఆయన వెతికాడు. నిన్న సాయంత్రం దింపుకున్నదాంట్లో అతని పని అక్షరం పోకుండా తన దగ్గరుంది.

"మీరే మళ్ళీ ఫోర్స్ పెట్టేయండి బాబాయ్. ఎవరికీ తెలీదు."

"నీ తర్వాత ఇంకో ఇద్దరు చేర్చారమ్మా, వాళ్ళది పోతుంది. రా, కూర్చో. పోయినదాన్ని ఉన్నదానితో కలుపు. నీ పేరుతోనే."

"నా పేరెందుకు?"

"తప్పు దగ్గర నీ పేరుంది కదా. దిద్దినచోట కూడా ఉండనీ."

కుర్చీ ఆ అమ్మాయికిచ్చి తాను నిలబడ్డాడు. చివరి రోజున ఇంత పెద్ద దిద్దుబాటు దొరికితే ఎవరికి చేయాలనిపించదు? వేళ్ళు దురదపెట్టాయి. చేతులు జేబుల్లో పెట్టుకున్నాడు. రెండు గంటలు పట్టింది. చివర్న ఆ అమ్మాయి, 'నా పొరపాటు వల్ల పోయిన పని తిరిగి చేర్చాను' అని రాసింది.

మేనేజరు అది చదివి వచ్చింది. "ఇకమీదట ఫోర్స్ జోలికి పోకు," అని మాత్రం అని వెళ్ళిపోయింది. అమ్మాయికి అప్పుడొచ్చింది ఏడుపు.

ఐదింటికి ఆయన గుర్తింపు కార్డు ఇచ్చేసి, రోజూ లాగే "వస్తానమ్మా" అని మెట్లు దిగాడు.

మర్నాడు కంప్యూటర్ తీసుకెళ్ళడానికి మనిషొచ్చాడు. తెర మీద నాలుగు వైపులా టేపు వేసి అతికించిన కాగితం ఉంది: 'బిడ్డ తండ్రి వచ్చి తన పని సరిచూసుకునేదాకా దీన్ని చెరపవద్దు.'