పంపని బొంతకు కృతజ్ఞతలు

"ఆగమ్మక్క పంపిన పచ్చంచు బొంత కింద ముగ్గురు పిల్లలు వెచ్చగా పడుకుంటున్నారు," అని సంఘ కార్యదర్శి వైకుంఠం చదివాడు.

ఉప్పుగూడ చర్చిలో చప్పట్లు మోగాయి. ఆగమ్మ మాత్రం చేతులు కలపలేదు. పచ్చంచు బొంత ఆమె ఇంట్లో కుట్టుమిషన్ మీదే ఉంది. అంచు సగమే పడింది.

నెలకో ఆదివారం మలావీ నుంచి వచ్చిన ఉత్తరం చదవడం అక్కడ ఆనవాయితీ. ఆ సంఘంలోనే పెరిగిన కొండల్ ఆరేళ్ల కిందట మిషనరీగా ఆ దేశం వెళ్లి, ఒక పల్లె దవాఖానాలో సేవ చేస్తున్నాడు. ఇక్కడి ఆడవాళ్లు వంటకు బియ్యం తీసినప్పుడల్లా ఒక పిడికెడు అతని పేరిట డబ్బాలో వేస్తారు. అక్కడ జూన్‌లో చలి అని తెలిసి పాత చీరలతో బొంతలు కుట్టారు. మూట కట్టేనాటికి మిషన్ బెల్టు తెగి ఆగమ్మది ఒక్కటే ఆగిపోయింది. ఆమె ఆ రోజు మూట మూతి మాత్రం ఎర్రదారంతో చేత్తో కుట్టి వచ్చింది. చర్చి గోడ మీది బొంతల జాబితాలో 'ఆగమ్మ, పచ్చంచు బొంత' అన్న వరస ఎవరూ కొట్టేయలేదు.

పక్కన కూతురు అఖిల కళ్లు తుడుచుకుంటోంది. కంచన్‌బాగ్‌లో నర్సు ఉద్యోగం మానేసింది. పదకొండు రోజుల్లో ఆ దవాఖానాకే ప్రయాణం. నర్సు లేక పిల్లలు అల్లాడుతున్నారని నాలుగు నెలలుగా ఉత్తరాలు చెబుతున్నాయి.

ఇంటికొచ్చాక తల్లి అనుమానాన్ని అఖిల తేలిగ్గా కొట్టిపారేసింది. ఎవరి బొంతో చూసి ఎవరి పేరో రాసి ఉంటాడంది. విమానం దిగాక ఎవరొస్తారని తల్లి అడిగితే, కొండలన్న వస్తాడని వైకుంఠం అంకుల్ చెప్పాడంది. కొండల్‌తో ఎన్నడైనా మాట్లాడావా అంటే, అక్కడ సిగ్నల్ ఉండదట. అదీ వైకుంఠం చెప్పిందే.

దారం కోసం వచ్చిన పక్కింటి సుగ్రా బొంతను తడిమి చూసింది. ఆ పచ్చంచు ఆమె ఇచ్చిన పాత దుపట్టాది.

"నా దుపట్టా ఈడనే ఉంది గదా అక్కా. మీ కొండల్ భాయ్ ఆడికెల్లి ఎట్ల చూసిండు? దుర్బీన్ పెట్టిండా?"

ఆగమ్మకు నవ్వు రాలేదు. బొంతను చూడకుండా దాని అంచు రంగు రాయాలంటే జాబితా చూడాలి. జాబితా ఉన్నది మలావీలో కాదు.

సోమవారం పొద్దున్నే రైల్వే స్టేషన్ దగ్గర వైకుంఠం నడిపే జిరాక్స్ షాపుకు వెళ్లింది. ఆమెను చూడగానే అతను బల్ల మీది కాగితాన్ని బోర్లించాడు. మూట పంపి మూడు వారాలైందన్నాడు. పోస్టాఫీసు రసీదు ఇంట్లో ఉందన్నాడు. ఆగమ్మ సంచిలోంచి బొంత తీసి బల్ల మీద పరిచింది.

వైకుంఠం చూపు ఆమె వైపు రాలేదు. ఒక్క క్షణం వెనకాల కర్టెన్ కిందికి వెళ్లొచ్చింది.

ఆగమ్మ కర్టెన్ లాగింది. గోనెసంచి మూట. మూతికి ఎర్రదారం.

"కొండల్ ఏడున్నడన్నా?"

వైకుంఠం షట్టర్ సగం దించి చెప్పుకొచ్చాడు. కొండల్ డిసెంబర్‌లోనే దవాఖానా వదిలేశాడు. ఏదో ఊళ్లో ఇనుప సామాన్ల దుకాణంలో పని చేస్తున్నాడట. చర్చిలో చెప్పొద్దని ఒక మెసేజ్ పెట్టి నంబరు మార్చేశాడు. జనవరిలో ఉత్తరం ఏదని ముసలివాళ్లు అడుగుతుంటే వైకుంఠం పాతదాన్నే కాస్త మార్చి చదివాడు. వాళ్ల మొహాలు వెలిగాయి. అప్పటినుంచి ప్రతి నెలా ఈ బల్ల దగ్గరే తయారవుతోంది.

"పిల్లల జబ్బులు రాసినంక నర్సు కావాల్నని గూడ రాసిన. మన అఖిలనే లేస్తదనుకోలే చెల్లె. లేసినా నువ్వు పంపవనుకున్న."

"నీ ఉత్తరాలు ఇనే ఒప్పుకున్న గదన్నా."

ఆగమ్మ స్టూలు లాక్కుని కూర్చుంది. జరిగిందంతా అతని చేతే రాయించి, రెండు కాపీలు తీయించి ఒకటి అతని దగ్గరుంచి, ఒకటి సంచిలో పెట్టుకుంది.

సాయంత్రం అఖిల ఆ కాగితం చదివి తల్లి వైపు తిప్పి పట్టుకుంది.

"నేను పోవద్దని నువ్వే రాయించినవ్. నీ మనసుల మొదటినుంచి అదే ఉంది. ఆయన చర్చిల నిలబడి చెప్తేనే నమ్ముత."

ఆ వారమంతా అఖిల పెట్టె సర్దుతూనే ఉంది. వైకుంఠం షాపు తెరవలేదు.

ఆదివారానికి మాత్రం వచ్చాడు. ఇంకా నాలుగు రోజులే ఉన్నాయి. ఉత్తరం చదివే ఆదివారం కాకపోయినా పాటలయ్యాక లేచి, కాగితం విప్పి, గొంతు సవరించుకున్నాడు.

"మలావీ నుంచి మీ సహోదరుడు కొండల్..."

ఆగమ్మ లేచి నిలబడింది. చేతిలో పచ్చంచు బొంత.

వైకుంఠం ఆగిపోయాడు. కళ్లద్దాలు తీసి, మళ్లీ పెట్టుకున్నాడు.

"ఇది కొండల్ రాసింది కాదు. నేను రాసిన. జనవరి కాడికెల్లి అన్నీ నేనే రాసిన."

అతను ఆ ఉత్తరం మడిచి, షాపులో తాను రాసిచ్చిన కాగితాలు జేబులోంచి తీసి మెల్లగా చదవడం మొదలుపెట్టాడు. ఆగమ్మ కూర్చోలేదు. సంచిలోంచి కాపీ తీసి, ఒక్కో మాటా సరిపోల్చుకుంటూ పోయింది. రెండో పేజీ తిప్పేసరికి అఖిల కూడా లేచి, తల్లి భుజం మీదుగా ఆ కాగితంలోకి వంగింది.