పత్తి దాచిన గది

"చెంబెడు తాగితే పొద్దంతా యాడ కూర్చుంటావమ్మే?" అంది మా అత్త తిమ్మమ్మ. నేను కాపురానికి వచ్చిన మర్నాడు, బిందె దగ్గర నిలబడి నీళ్ళు తాగుతుంటే అన్న మాట అది. తిట్టు కాదు, పాపం. తనకు తెలిసిన బతుకు నాకూ నేర్పింది. తెల్లారకముందు ఒకసారి కంపచెట్ల చాటుకు పోవాలి, పొద్దు గూకినాక ఇంకోసారి. నడుమ గొంతు తడుపుకోవాలే గాని కడుపు నిండా తాగకూడదు. పత్తి ఏరేటప్పుడు మేస్త్రీ గట్టు మీదే కూర్చుని ఉంటాడు. పత్తి చాలు వదిలి పక్కకు పోతే "యాటికి?" అని కేకేస్తాడు. ఆ కేకకు జవాబు చెప్పలేక మా ఊరి ఆడవాళ్ళు మండుటెండలో కూడా నీళ్ళ క్యాను మూత తియ్యరు. ఆ రోజు నేనూ సగం చెంబు బిందెలో తిరిగి పోసేశాను.

ఇప్పుడు నేను ఆ ఊరికే ఆశా కార్యకర్తను. నీలం చీర కట్టుకుని ఇంటింటికీ తిరిగి నీళ్ళు తాగండి, ఆపుకోకండి అని చెప్పడమే నా పని. బాగా చెప్తానని ఎమ్మిగనూరు మీటింగుల్లో కూడా పేరుంది. మా ఇంటి పెరట్లో సర్కారు కట్టించిన లెట్రిన్ ఉంది, తలుపు మీద నా పేరు కూడా రాశారు. దాని నిండా పత్తి మూటలు! పంట ఇంటికొచ్చిన రోజుల్లో ఆదోని మార్కెట్ యార్డులో రేటు పడిపోయిందని మా ఆయన ఉరుకుందు మూటలన్నీ అందులోకి తొక్కి బయట తాళం పెట్టాడు. "తలుపుండాది, తాళముండాది, వాన తగలదు. ఊర్లో ఇట్లాంటి గోదాము ఎవరికుండాది సెప్పు?" అని మురిసిపోయాడు. మరి నా సంగతేమిటని అడిగితే, "మా అమ్మకుండెనా? మీ అమ్మకుండెనా? రేటు వచ్చేదాకా ఓర్చుకోలేవా?" అన్నాడు. ఓర్చుకున్నాను. ఎండాకాలం వచ్చింది గాని రేటు రాలేదు. ఇంకోసారి అడిగితే, "నువ్వు ఊరికి డాక్టరమ్మవి గాని ఇంటికి కాదులే" అని నవ్వాడు.

పక్కింటి కోడలు స్వప్నకు మళ్ళీ ఐదో నెల. మొదటిసారి ఆరో నెలలో జ్వరం వచ్చి కడుపు పోయింది. ఇప్పుడూ మూత్రంలో మంట, చలిజ్వరం మొదలయ్యాయి. వెంటనే ఆటోలో ఎమ్మిగనూరు తీసుకుపోయాను. డాక్టరమ్మ మాత్రలు రాసి, "నీళ్ళు బాగా తాగాలి, ఆపుకోకూడదు. లేకపోతే ఈ బిడ్డా నిలవదు" అని మొహం మీదే చెప్పింది. స్వప్న తల ఊపింది. తిరిగి వచ్చేటప్పుడు సీసా చేతికిస్తే పెదాలు తడుపుకుని మూత పెట్టేసింది. వాళ్ళింట్లో లెట్రిన్ లేదు.

ఆ వారమే అంగన్‌వాడీలో ఆడవాళ్ళ ఆరోగ్యం మీద మీటింగు పెట్టాను. ఒంటి జబ్బుల బొమ్మలు, మనసు జబ్బుల బొమ్మలు గోడకు తగిలించాను. చిరాకు, నిద్ర పట్టకపోవడం, ఊరికే ఏడుపు రావడం, ఇవన్నీ గాలి సోకి వచ్చేవి కాదని చెప్తున్నాను. చెప్తూనే నాకు అనిపించింది, ఆడదాని బుర్రలో సగం ఎప్పుడు చీకటి పడుతుందా అన్న ఎదురుచూపుతోనే నిండిపోతే, మిగతా సగంలో సంతోషానికి చోటెక్కడిది? ఆ మాట బొమ్మల్లో లేదు. నేను మాత్రం బొమ్మల్లో ఉన్నదే చెప్పాను, నీళ్ళు బాగా తాగమన్నాను.

"తాగుతాలే అక్కా. తాగి యాటికి పోవాల?" వెనక నుంచి స్వప్న లేచింది. "మీ ఇంట్లో గది ఉండాది గదా. పగటిపూట నన్ను రానిస్తావా?"

నేను నోరు తెరిచేలోపే ముందు వరసలో కూర్చున్న ముత్తమ్మ అందుకుంది. "దాంట్లో మనుషులకు తావు యాడుందే? ఆదోనిలో రేటు లేస్తే అప్పుడు తెరుస్తారంట!"

గది గదంతా గొల్లున నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వని మనిషి స్వప్న ఒక్కతే, పొట్ట మీద చెయ్యి పెట్టుకుని నా మొహంలోకే చూస్తోంది. ఛీ, ఏం బతుకు నాది అనిపించింది. సిగ్గు కంటే కోపమే ఎక్కువ వచ్చింది. పత్తికి ఎండ తగలకూడదు, వాన తగలకూడదు, దానికి తలుపు కావాలి, గొళ్ళెం కావాలి. ఇవన్నీ మాకు అక్కర్లేదా? పత్తి పాటి విలువ లేదా మాకు?

"వద్దువులే స్వప్నా, ఈ పొద్దే రా" అన్నాను.

ఉరుకుందు రేటు కనుక్కోవడానికి ఆదోని పోయి ఉన్నాడు. తాళంచెవి గోడకు, అతని చొక్కా కింద వేలాడుతోంది. తీసుకుపోయి తలుపు తెరిచి మూటలు ఒక్కొక్కటే ఇంట్లోకి ఈడ్చాను. "పిచ్చి గాని పట్టెనా ఏమ్మే? వాడొస్తే ఏం సెప్తావు?" అని మా అత్త నా వెనకే తిరిగింది. "వచ్చినాక సెప్తాలే అత్తా" అన్నాను. అతని మంచం మీద పేర్చాను, టీవీ ముందు పేర్చాను, కప్పు దాకా పేర్చాను. ఆ తర్వాత గదంతా బ్లీచింగు వేసి కడిగి, డ్రమ్ము నింపి, స్వప్నను కేకేశాను. అది మా గడప మీద కూర్చుని చెంబెడు నీళ్ళు ఎత్తిన చెంబు దించకుండా తాగింది. ఆ పిల్ల గొంతు అట్లా కదలడం నేను అంతవరకూ చూడలేదు.

ఇంకా పొద్దుండగానే ఉరుకుందు వచ్చాడు. గుమ్మంలోనే నిలబడిపోయాడు.

"తాళం యాడ?"

"గొళ్ళెం లోపలుండాది. ఇంగ బయట తాళమెందుకు?"

"నా మంచం మీద మూటలేందే? నేను యాడ పండుకోవాల?"

"కంపచెట్ల కాడ శానా తావుండాది" అన్నాను, నెమ్మదిగానే. "పొద్దు గూకినాక పో. ఎవరూ సూడరులే."

అతని మొహం కందగడ్డ అయింది. "అమ్మా! నువ్వన్నా సెప్పు దీనికి!" అని ఇల్లంతా వెతికాడు. అమ్మ ఇంట్లో లేదు, పెరట్లో లేదు. లెట్రిన్ తలుపు మాత్రం వేసి ఉంది. ఇద్దరం దాని ముందు నిలబడ్డాం. లోపల నీళ్ళు పోసిన చప్పుడు, తర్వాత గొళ్ళెం తీసిన చప్పుడు. పట్టపగలు, ఎండ మొహాన కొడుతుండగా మా అత్త బయటికి వచ్చింది. కొంగుతో చేతులు తుడుచుకుంది. కొడుకును చూసీ చూడనట్టు దాటిపోయి గడప మీద కూలబడింది.

"వచ్చిన రేటుకు రేపే అమ్ముకో పో నాయనా" అంది.

తర్వాత నా వైపు చెయ్యి చాపింది.

"మల్లేశ్వరీ, చెంబుతో నీళ్ళు ఈయమ్మే. నిండా ముంచు."