ఎర్రనీళ్ళు

కొబ్బరి చిప్పలు ఊడ్చడానికి చీపురు పనికిరాదు. పుల్లమ్మ వంగి ఒక్కొక్క చిప్పనే ఏరి గంపలో వేసుకుంటోంది. సినిమా తెర ముందున్న అరుగు నిండా నిన్నటి ఆటలకు కొట్టిన కాయల ముక్కలు, కర్పూరం మసి, నలిగిన బంతిపూలు. పిడుగురాళ్లలో ఏ వస్తువు మీదైనా బట్టీల సున్నం ఒక పొర ఉంటుంది కనుక తెర కూడా అంచుల్లో మాసిపోయింది. దాని మీద, మనిషి చేతికి అందినంత ఎత్తున, పసుపు కుంకుమల బొట్లు. అమ్మవారి పాదాలు ఎక్కడ పడతాయో ఆడవాళ్ళు చూసిపెట్టుకుని సరిగ్గా అక్కడే పెట్టిపోయారు. ఆట లేనప్పుడు పాదాలు ఉండవు, బొట్లు మాత్రం ఉంటాయి.

పుల్లమ్మది పొట్టి ఒళ్ళు, బండబారిన చేతులు. ఎడమకన్ను పువ్వేసి తెల్లగా ఉంటుంది. బట్టీలో పనిచేసే రోజుల్లో నీళ్ళు పోసిన సున్నపురాయి పేలి కంట్లో పడితే, బట్టీ యజమాని జాలిపడి ఈ హాల్లో ఆడవాళ్ళ గేటు పని ఇప్పించాడు. ఒంటికన్నుతో సినిమా హాల్లో ఉద్యోగమా అని నవ్వినవాళ్ళున్నారు. నవ్వాల్సిన అసలు సంగతి వాళ్ళకు తెలియదు. ఇన్నేళ్ళలో ఆమె ఒక్క సినిమా అయినా చూడలేదు. గేటు తెర పక్కనే ఉంటుంది. తెరకు వీపు పెట్టి, నేల టిక్కెట్టు ఆడవాళ్ళ వైపు తిరిగి, గోడవారగా స్టూలు మీద కూర్చోవడమే ఆమె పని.

ఇల్లు కూడా హాలు వెనకగోడకు చేరేసిన రేకుల వసారాయే. గోడ అవతల ఎవరో పెళ్ళి చేసుకుంటూ ఎవరో చస్తూ ఉంటే, ఇవతల ఆమె తన ఒక్కదానికే చారెడు బియ్యం పొయ్యి మీద పెట్టుకునేది. మొగుడు ఎప్పుడో సాగర్ డ్యాం పనులకని పోయి అక్కడే ఇంకో ఇల్లు చూసుకున్నాడు. కొడుకు గురవయ్య రెండేళ్ళ వయసులోనే చనిపోయాడు. ఒక్కోరోజు పొద్దుటినుంచి పడుకునేదాకా "టిక్కెట్టు చూపియ్యి" తప్ప ఇంకో మాట ఆమె నోట రాదు. మాట్లాడేందుకు మనిషి లేకపోవడం ఎంత ఆకలో తిండి లేనివాళ్ళకు కూడా తెలియదు.

అమ్మవారి సినిమా వచ్చాక ఆ కరువు కొంత తీరింది. అందులో పాము కరిచి చచ్చిపోయిన పిల్లాణ్ణి అమ్మవారు లేపుతుంది. అక్కడికి వచ్చేసరికి ఎవరో ఒకామెకు పూనకం వస్తుంది. అన్ని ఊళ్ళలోనూ అంతేనని విని, మేనేజరు అబ్దుల్ జబ్బార్ ముందుగానే ఒక రేకు బకెట్టు నిండా పసుపునీళ్ళూ, వేపమండలూ పుల్లమ్మ స్టూలు దగ్గర పెట్టించాడు. ఊగేదాని జుట్టు ఒడిసిపట్టుకుని, మొహాన నీళ్ళు చల్లి, "శాంతించు తల్లీ, నీకేం గావాలో చెప్పు" అని అడగడం ఆమె వంతు. ఊగేవాళ్ళను ఆమె ఎన్నడూ వెక్కిరించలేదు. ఇంట్లో ఏడిస్తే మొగుడు తంతాడు, ఇక్కడ ఏడిస్తే అందరూ దణ్ణం పెడతారు. ఏ ఆడదైనా ఎక్కడ ఏడుస్తుంది మరి?

జనం పలచబడి సినిమా ఎత్తేద్దామనుకుంటుండగా ఆ సంగతి జరిగింది. బట్టీ నుంచి చేతులైనా కడుక్కోకుండా వచ్చిన ఒకామె ఊగితే పుల్లమ్మ నీళ్ళు చల్లింది. ఊగినామె చేతులు మోచేతుల దాకా ఎర్రబడ్డాయి. హాలంతా లేచి నిలబడి దణ్ణాలు పెట్టింది. పసుపులో సున్నం పడితే ఎరుపు కాక ఇంకేమవుతుంది? ప్రతి ఇంట్లోనూ పిల్లలకు దిష్టి తియ్యడానికి ఎర్రనీళ్ళు కలిపే చేతులే అవన్నీ. అయినా ఆ చీకట్లో, ఆ పాటలో, ఒక్కరికీ అది గుర్తురాలేదు. గుర్తొచ్చినవాళ్ళు నోరు విప్పలేదు. నాలుగు రోజులు తిరక్కుండా చుట్టుపక్కల ఊళ్ళనుంచి ట్రాక్టర్లు కట్టుకుని జనం దిగారు. హాలు ముందు రేకుల గుడి లేచింది. పుల్లమ్మ బకెట్టులోని నీళ్ళు సీసాల్లో ఇళ్ళకు పోవడం మొదలైంది.

"నేను నోరెత్తితే సాయిబుకు కుళ్ళంటారు. నువ్వు నోరెత్తితే హాలు మూతబడుద్ది," అన్నాడు జబ్బార్. "ఇద్దరం గమ్మునుందాం అక్కా."

గమ్మునుండటం ఆమెకు కొత్తేమీ కాదు.

చిప్పలు బయట పారబోసి, పంపు దగ్గర బకెట్టు నింపి, పసుపు కలిపి స్టూలు దగ్గర పెట్టుకుంది. పొద్దుటినుంచీ ఎడమభుజం లాగుతోంది. ఆకు వేసుకుంటే తగ్గుతుందని బొడ్లోంచి సున్నపు డబ్బీ తీసింది. ఒకప్పుడు తలనొప్పి మందు డబ్బీ అది. అంచు సొట్టపోయి మూత నిలవదు, జాగ్రత్తగా పట్టుకుని తియ్యాలి.

రోడ్డవతల టీకొట్టు ముందు సున్నం లారీ ఆగింది. "బాగుండావా పెద్దమ్మా?" అని డ్రైవరు యల్లమంద ఎప్పటిలాగే కేక వేశాడు. పుల్లమ్మ ఎప్పటిలాగే మొహం తిప్పుకుంది. ఒకప్పటి పొరుగింటి పాపమ్మ కొడుకతను. గురవయ్యకు వాంతులూ విరేచనాలూ పట్టుకున్న వేసవిలోనే అతనికీ పట్టుకున్నాయి. పుల్లమ్మ తన కొడుకును నరసరావుపేటలో పిల్లల డాక్టరు దగ్గరకు ఎత్తుకుపోయింది. పాపమ్మ తన కొడుకును అంకమ్మ గుడి అరుగు మీద పడుకోబెట్టి వేపాకు కప్పింది. గురవయ్య పోయాడు. యల్లమంద లారీ తోలుతున్నాడు. అందులో అతని తప్పు ఆవగింజంత లేదని పుల్లమ్మకు తెలుసు. తెలిసినా, అతని మీసాలు చూసినప్పుడల్లా తన పిల్లాడికి ఎలాంటి మీసాలు వచ్చేవో అనిపించి కడుపు రగిలేది.

మ్యాట్నీకి గేటు తీసేసరికి ఎండ మాడ్చేస్తోంది. అందరికంటే ముందు కొండమ్మ నిలబడి ఉంది. బట్టీలో రాళ్ళు మోసే పిల్ల. తలగుడ్డ మీద ఇంకా సున్నం పొడి ఉంది. భుజాన ఏడాది నిండని కూతురు, మెడ నిలపలేక వాలిపోయి ఉంది.

"అత్తా, దీనికి నిన్నట్నించి ఒకటే ఇరోచనాలు. పాలు పట్టట్లా. అమ్మోరు పిల్లోణ్ణి లేపేటప్పుడు తెర ముందర పడుకోబెడతా. నీ సేత్తో కాసిని ఎర్రనీళ్ళు దీని నోట్లో పొయ్యి."

పుల్లమ్మ పిల్ల మాడు తడిమింది. గుంటపడింది. పిల్ల ఏడుస్తోంది గాని కంట్లో నీళ్ళు రావడం లేదు. పొట్ట మీది చర్మం పట్టి వదిలితే ముడత అలాగే నిలబడింది. ఆ ముడత ఆమె వేళ్ళకు తెలుసు. ఇన్నేళ్ళయినా వేళ్ళు మరిచిపోలేదు.

"లోపలికి రామాక," అంది. "పేటకు తీస్కపో. ఈడేమీ లేదు."

"టిక్కెట్టు కొన్నాగా అత్తా!"

వెనక ఉన్నవాళ్ళు గొణగడం మొదలుపెట్టారు. జబ్బార్ అటువైపు రాబోతూ ఆగిపోయాడు. పుల్లమ్మ ఇక గమ్మున ఉండలేకపోయింది. బకెట్టులో చెయ్యి ముంచి, ఆ తడి అరచేతిలో డబ్బీలోని సున్నం గీరి వేసి, వేలితో రుద్ది అందరికీ చూపించింది. అరచెయ్యి ఎర్రగా పండింది.

"సూడండే, ఇదే మీ మహిమ! పంపునీళ్ళు, కొట్లో పసుపు, నా డబ్బీలో సున్నం. నేనే కలిపినా."

వరసలోంచి ఒక ముసలామె ముందుకు వచ్చి ఆ చేతిని రెండు చేతులా పట్టుకుని కళ్ళకద్దుకుంది. "నీ సేతిలో కూడా పలికిందా తల్లీ," అంది. వెనక నాలుగు చేతులు దణ్ణం పెట్టాయి. జబ్బార్ తల గోక్కుంటూ లోపలికి పోయాడు. పుల్లమ్మకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

"నీకన్నా అర్థమయిందా?" అని కొండమ్మను అడిగింది.

"నాకు తెలవదా అత్తా? సున్నం బట్టీదాన్నేగా. మొన్న దిష్టి తీసినా, నేనే కలిపినా." కొండమ్మ తల వంచుకుంది. "తెలిసే అడుగుతున్నా."

పుల్లమ్మ డబ్బీకి మూత పెట్టి మళ్ళీ బొడ్లో దోపుకుంది.

"పేటకు పోతే బతుకుద్దా?" అని కొండమ్మే మళ్ళీ అడిగింది.

అబద్ధం చెప్పొచ్చు. నోరు రాలేదు. "నా పిల్లోడు ఆడికి పోయే సచ్చాడు. గుడికాడ పడుకోబెట్టినోడు అదుగో, ఆడ టీ తాగుతుండాడు."

"మరి నన్నెందుకు పొమ్మంటావు?"

"ఆడ సూది ఉంది, సీసా ఉంది. నా పిల్లోణ్ణి బతికియ్యలేకపోయినా ఆ డాక్టరు తెల్లార్లూ నిలబడే ఉండాడు. ఈడ ఎవరుండారే? నేనే ఉండా."

ఇక మాటలు పెంచకుండా రోడ్డు మీదికి నడిచింది. "ఒరేయ్ యల్లమందా!" అని కేకేసింది. అతను తుళ్ళిపడి గ్లాసులోని టీ ఒలకబోసుకున్నాడు.

"పిల్లకు బాగాలేదు. పేటలో పిల్లల డాక్టరు కాడ దించు. లోడు సంగతి తర్వాత."

"అట్టాగే పెద్దమ్మా."

కొండమ్మను ఎక్కించి, తను ఎక్కబోతూ యల్లమంద ఆగాడు. "నువ్వు నన్ను పిలవటం ఇదే మొదలు పెద్దమ్మా," అన్నాడు. పుల్లమ్మ అతని మీసాల వైపు మొదటిసారి తిన్నగా చూసింది. బాగానే ఉన్నాయి. "పోరా, పొద్దుబోద్ది," అంది. లారీ లేపిన తెల్లటి దుమ్ము అణిగేదాకా అక్కడే నిలబడింది.

మ్యాట్నీ అంతా ఆమె మనసు పేట రోడ్డు మీదే ఉంది. ఫస్ట్ షో మొదలయ్యేసరికి భుజం నొప్పి చేతిలోకి దిగింది. పిల్ల చేరిందో లేదో, సూది వేశారో లేదో ఎవరు చెబుతారు? పాము కరిచే పాట అయిపోయింది. ఇప్పుడు తల్లి ఏడుస్తుంది, తర్వాత చప్పుడంతా ఆగిపోతుంది, తర్వాత గజ్జెలు, తర్వాత పిల్లాడు "అమ్మా" అంటాడు. ఇన్నాళ్ళూ ఇదంతా ఆమెకు వీపుతోనే తెలుసు. చూడకుండా ఉండటానికే వీపు పెట్టుకుందో ఏమో. ఈవేళ స్టూలును తెర వైపు తిప్పుకుని, బకెట్టును కాళ్ళ మధ్యకు జరుపుకుని, గోడకు ఆనుకుంది.

మరీ దగ్గర కావడంతో తెర మీద అంతా పెద్దగా, అలుక్కుపోయినట్టు ఉంది. పిల్లాడు తల్లి ముందు పడి ఉన్నాడు. మంచి కంటిని చికిలించి చూసింది. పొట్ట ఆడుతోంది. ఊపిరి బిగబట్టాడు పాపం, నిలవక సన్నగా వదులుతున్నాడు. చచ్చిన పిల్లాడి పొట్ట ఆడదు. ఎంతసేపు చూసినా ఆడదు. పేట నుంచి వచ్చే బస్సులో ఒళ్ళో పెట్టుకుని దారి పొడుగునా చూసిందామె.

ముందు కోపం వచ్చింది, ఇంతమందిని ఉత్తపుణ్యానికి ఏడిపిస్తున్నందుకు. ఆ వెనకే బుట్టెడు రాళ్ళు నెత్తి మీంచి దించినట్టయింది. ఈ పిల్లాడు చావనేలేదు. ఏ ఆటలోనూ చావలేదు. వీడి తల్లి ఎక్కడో వీడికి అన్నం కలిపి పెట్టే ఉంటుంది. "దొంగనాయాలా, బతికే ఉండావురా," అనుకుంది. సంతోషంతో కళ్ళు నిండాయి, పువ్వేసిన కన్ను కూడా. ఆకు వేసుకోవాలనిపించి డబ్బీ తీసింది. గజ్జెలు మోగాయి.

ఆ ఆటలో ఒకామె ఊగితే పుల్లమ్మ లేవలేదు. పక్కనున్నావిడ బకెట్టు కోసం వంగి, కెవ్వుమని అరిచింది. నీళ్ళు చిక్కగా ఎర్రబడి ఉన్నాయి. పుల్లమ్మ తెర వైపే చూస్తూ ఉంది. తాకితే ఒళ్ళు చల్లబడుతోంది.

జబ్బార్ ఆమె వేళ్ళకు అంటిన సున్నం చూశాడు. ఆమె కొంగుతోనే ఆ వేళ్ళు తుడిచి, చెయ్యి ఒళ్ళో పెట్టాడు. అమ్మోరు పిలుచుకుపోయిందని హాలు హాలంతా అంటుంటే, ఒక మూలకు పోయి ఏడ్చాడు గాని నోరు విప్పలేదు.

మూడోనాడు కొండమ్మ పేట బస్సు దిగింది. పిల్ల చిక్కి పుల్లలా ఉంది గాని చేతికందినదల్లా లాగుతోంది. సూది గుచ్చినచోట దూది అంటించి ఉంది. అత్తకు చూపించి పోదామని గేటు దగ్గరకు వస్తే అక్కడ స్టూలు లేదు. రేకుల గుడిలో ఉంది, పసుపు పూసి, బొట్లు పెట్టి. దాని ముందు బకెట్టు, బకెట్టు మెడలో బంతిపూల దండ. నీళ్ళ ఎరుపు కాస్త ఇటుకపొడి రంగుకు తిరిగింది. పక్కనే కూర్చున్న ముసలామె, ఆనాడు పుల్లమ్మ చేతిని కళ్ళకద్దుకున్నామె, జరిగిందంతా చెప్పింది.

"దీన్ని డాక్టరు బతికిచ్చాడు," అంది కొండమ్మ ఏడుపు ఆపుకుంటూ. "నన్ను పొమ్మంది అత్తే. ఇయ్యి పంపునీళ్ళేనని సెప్పింది."

"ఆమె నోట ఆ మాట పలికిచ్చింది ఎవురనుకున్నావే పిల్లా?" అంది ముసలామె.

కొండమ్మ వంగి బకెట్టులోకి మోచేతి దాకా చెయ్యి పెట్టింది. అడుగున గుండ్రంగా ఏదో వేళ్ళకు తగిలింది. తడిమితే అంచు సొట్ట. ఏమిటో తెలిసింది. పైకి తియ్యలేదు. తెలిసే, తడివేలితో పిల్ల నుదుటన ఎర్రటి చుక్క పెట్టి, పిల్లను గుండెకు అదుముకుని వెళ్ళిపోయింది.

బకెట్టు అడుగున, మూత ఊడిన డబ్బీలో, ఇంకా కాస్త సున్నం మిగిలే ఉంది.