వీరప్ప పేరు రాసిన డబ్బా

కెమెరా అనే మాట వింటేనే వీరప్పకు చెమటలు పడతాయి. మూడేళ్ల కిందట పట్నం దవాఖానలో కెమెరా గొట్టం లోపలికి పంపి ఆయన పేగులోంచి రెండు కంతులు తీశారు. ముందురోజంతా కడుపు కడిగే ఉప్పు మందు తాగి, చెంబు పట్టుకుని ఉరికిన సంగతి చచ్చేదాకా మరిచిపోడు. అందుకే ఇప్పుడు నారాయణఖేడ్‌లో డాక్టరమ్మ, "మళ్ల చూడాలె. కెమెరానే నయం. వద్దంటే డబ్బల పట్టి తెచ్చే మల పరీక్ష ఉంది" అనగానే, "డబ్బనే ఇయ్యుండ్రి" అన్నాడు.

"అండ్ల రక్తం కనబడితే కెమెరా తప్పదు మరి."

ఆ ఒక్క మాట ఆయన ప్రాణం తోడేసింది. నెల నుంచీ మలంలో ఎర్రగా పడుతోంది. ఎవరికీ చెప్పలేదు. ఇంటికొచ్చి డబ్బా భార్య శంకరమ్మ చేతిలో పెట్టి, "నీది పట్టియ్యి" అన్నాడు. ఆమె పుట్టి బుద్ధెరిగాక ఒక్క గోలీ మింగిన మనిషి కాదు.

"ఏందీ, నాదా? పెండ్లినాడు గిది గూడ రాసిచ్చిన్నా నీకు?" అని పడీ పడీ నవ్వింది. మొగుడి మొహం చూశాక నవ్వాపి, డబ్బా అందుకుంది. పిరికివాడికి తెలివి పుడితే ఇట్లాగే ఉంటుంది.

వారం తర్వాత ఇద్దరూ డాక్టరమ్మ ముందు కూర్చున్నారు. ఆమె కాగితం రెండుసార్లు చూసింది.

"వీరప్పా, రక్తం కనబడ్డది. ఎందుకో కెమెరాతోనే తెలుస్తది. పట్నానికి చీటీ రాస్తున్న."

వీరప్ప భార్య వైపు తిరిగాడు. శంకరమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, ఊరుకోమని కళ్లతోనే సైగ చేసింది. ఇంత జరిగినా ఆమెకు మొగుడి పరువే ముఖ్యం.

డాక్టరమ్మ రాస్తోంది. పేరు వీరప్ప, వయసు అరవై రెండు. నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు. కెమెరా తన కడుపులోకి పోతుంది. శంకరమ్మ రేపు కంది చేలో కలుపుకు పోతుంది. ఆమె కడుపులో ఏముందో ఎవరూ చూడరు. ఆయనకు తన మీద తనకే అసహ్యం వేసింది.

"ఆగుండ్రి మేడం," అన్నాడు. "గా డబ్బ నాది గాదు. మా ఇంటిదానిది. నేనే భయపడి ఆమెది ఇచ్చిన. నాకు గూడ రక్తం పడుతున్నది."

డాక్టరమ్మ తిట్టవలసినంతా తిట్టింది. ఆయన తలొంచుకుని పడ్డాడు. తిట్టి తిట్టి ఆమె ఇంకో చీటీ తీసింది.

"ముందల ఆమె పేరు రాయుండ్రి," అన్నాడు.

బయట బెంచీ మీద కూర్చున్నాక శంకరమ్మ ఆయన చెయ్యి పట్టుకుంది. ఎన్నడూ దేనికీ భయపడని మనిషి చెయ్యి చల్లగా ఉంది.

"నొప్పి పెడతదా?"

మూడేళ్లుగా ఊరంతటికీ తన కష్టం కథలు కథలుగా చెప్పుకున్నవాడు ఆ చేతి మీద తన చెయ్యి వేశాడు.

"పెట్టదే. నిద్రపుచ్చుతరు," అన్నాడు. "నేనే ఉత్తగ భయపడ్డ."