ఖాళీ సీసాల నివేదిక

కోడళ్లకు మూడు చెరువుల నీళ్లు తాగించే అత్తల గురించి అందరూ చెప్పుకుంటారు. ఆ ఇంట్లో మాత్రం వ్యవహారం తలకిందులు. కోడలే గ్లాసు పట్టుకుని అత్తగారి వెంట తిరిగేది. ఆమె తప్పేం లేదు, ఉద్యోగమే అది. పనిచోట్లకు వెళ్లి జనం చేత రోజుకు ఎనిమిది గ్లాసుల నీళ్లు తాగించాలి. ఇరవై దేశాల్లో ఒకేసారి మొదలైన ఆరోగ్య పథకం. ఇరవై దేశాలకూ ఒకటే పోస్టరు: గ్లాసు పట్టుకుని పళ్లన్నీ బయటపెట్టి నవ్వే ఒకావిడ. ఆవిడకు అంత నవ్వెందుకొచ్చిందో పోస్టరు వేసినవాళ్లకైనా తెలుసో లేదో.

కోడలి వంతుకు ఒక లాండ్రీ వచ్చింది. హోటళ్ల దుప్పట్లు ఉతికి ఇస్త్రీ చేసే చోటు. ముప్పైమంది ఆడవాళ్లు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఆవిరి ఇస్త్రీపెట్టెల ముందు నిలబడతారు. సగంమందికి మూత్రంలో మంట, నడుంనొప్పి. ఆ సగంలో అత్తగారు కూడా ఉంది.

కోడలు ఊరుకునే రకం కాదు. నలభై ప్రశ్నలతో ఫారం తయారుచేసింది. నీళ్ల లాభాలు మీకు తెలుసా, దాహం ఎప్పుడేస్తుంది, చన్నీళ్లు ఇష్టమా, వేణ్నీళ్లా? అన్నీ అడిగింది. ఒక్కొక్కరికి ఎనిమిది గీతలున్న సీసా ఇచ్చింది. రోజూ సాయంత్రం వెళ్లి ఖాళీ అయిన సీసాలు లెక్కపెట్టేది. మొదటి వారం పదే ఖాళీ. నెల తిరిగేసరికి ముప్పైకి ముప్పై! నాలుగు నెలలుగా ఏ సీసాలోనూ చుక్క మిగల్లేదు. ఇంత గొప్ప ఫలితం ఇంకే దేశంలోనూ రాలేదని పై ఆఫీసు పెద్దావిడ స్వయంగా చూడ్డానికి బయల్దేరింది. ఆవిడ మెచ్చితే కోడలి తాత్కాలిక ఉద్యోగం ఖాయం. మెచ్చకపోతే నెలాఖరుకి ఇంటికే.

రేపు పెద్దావిడ వస్తుందనగా, ఏర్పాట్లు చూద్దామని కోడలు ఎన్నడూ లేనిది మధ్యాహ్నమే లాండ్రీకి వెళ్లింది. గుమ్మంలోనే కాళ్లు ఆగిపోయాయి. అత్తగారు సీసా మూత తీసి, ఆ నీళ్లన్నీ తీరిగ్గా ఇస్త్రీపెట్టెలో పోస్తోంది. పక్కావిడ తన సీసాని నేల తుడిచే బకెట్లో వంపేస్తోంది.

"అత్తయ్యా! ఏంటిది?"

అత్తగారు కొంచెం కూడా తడబడలేదు. పైగా ఎదురు దబాయించింది. "నువ్వేంటి ఈ వేళప్పుడు? సాయంత్రం కదా రావాలి?"

"మిమ్మల్ని తాగమంటే పెట్టెకి తాగిస్తారా?"

"అరవకు. మొదటి వారం పదే ఖాళీ అయ్యాయని అన్నం మానేసి కూర్చున్నావు. నీ మొహం చూడలేకపోయాను. మా పిల్ల ఉద్యోగం నిలబడాలి, సాయంత్రానికి సీసాలు ఖాళీ చేసెయ్యండే అని అందరికీ చెప్పాను. పాపం, ఒక్కరోజు మర్చిపోలేదు వీళ్లు."

ముప్పైమందీ కోడలికేసి ఎంతో ఆప్యాయంగా చూశారు. ఆమెకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

"ఆ తాగేదేదో నిజంగా తాగితే ఏం పోయింది?"

"తాగితే వెళ్లాలి కదమ్మా!"

అప్పుడు చెప్పింది. బాత్రూముకి తాళం. తాళంచెవి సూపర్‌వైజరు జేబులో. వెళ్లాలంటే ఆయన బల్ల దగ్గర రిజిస్టరులో పేరు, వెళ్లిన టైము, వచ్చిన టైము, కారణం రాయాలి. రెండోసారి వెళ్తే "మళ్లీనా?" అని హాలంతా వినపడేట్టు అంటాడు. అందుకని పొద్దున ఇంట్లో గుక్కెడు కాఫీ తాగితే, మళ్లీ ఇంటికెళ్లాకే నీళ్లు.

కోడలికి సిగ్గుతో చెవులు వేడెక్కాయి. నలభై ప్రశ్నలు రాసిన మహాతల్లి, బాత్రూముకి ఎలా వెళ్తారని ఒక్కటి రాయలేదు. మంటతో బాధపడే మనిషి ఇంట్లోనే ఉంటే, మీకు అలవాటు లేదు, శ్రద్ధ లేదు అని మొదటి నెలంతా సాధించింది.

"రేపొక్కరోజు నోరు మూసుకో. ఉద్యోగం ఖాయమయ్యాక తీరిగ్గా న్యాయం మాట్లాడుకోవచ్చు," అంది అత్తగారు. కోడలు తలూపింది. మనసు మాత్రం ఒప్పుకోలేదు.

మర్నాడు పెద్దావిడ వచ్చింది. మంచి హుషారైన మనిషి. "మీతో పాటు నేనూ తాగుతాను," అంటూ సీసా ఎత్తింది. ఎదురుగా కెమెరా. ఇస్త్రీపెట్టెలో పొయ్యడానికి లేదు, బకెట్లో వంపడానికీ లేదు. ముప్పైమందీ ఉరిశిక్ష పడ్డవాళ్లలా మొహాలు పెట్టి, ఎనిమిది గీతలూ గటగటా దించేశారు.

తర్వాత, ఒక పక్క ఇస్త్రీ సాగుతుండగానే ఉపన్యాసాలు. గంట గడిచేసరికి పెద్దావిడ కుర్చీలో కుదురుగా కూర్చోలేకపోయింది. బాత్రూమెక్కడని మెల్లగా అడిగింది. సూపర్‌వైజరు ఒక్క అంగలో వచ్చాడు. "మీరు పైకి రండి మేడమ్. మేనేజరు గారిది శుభ్రంగా ఉంటుంది."

కోడలు లేచింది. అత్తగారు కళ్లతోనే వద్దంది. అయినా కోడలు బల్ల మీది రిజిస్టరు తీసుకుని పెద్దావిడ ముందు పెట్టింది.

"వీళ్లు వెళ్లేదానికే వెళ్లండి మేడమ్. ముందు ఇది రాయాలి."

పెద్దావిడ ఒక కాలి మీద నుంచి ఇంకో కాలి మీదికి మారుతూ చదివింది. "కారణమా? కారణం ఏం రాస్తారు?"

"అవసరం అని రాస్తే చాలండీ," అన్నాడు సూపర్‌వైజరు.

ఆవిడ గబగబా రాసి, తాళంచెవి లాక్కుని దాదాపు పరిగెత్తింది. తిరిగొచ్చాక రిజిస్టరులో వెనక పేజీలు తిప్పింది. మొహంలో హుషారు తగ్గింది.

"రోజుకు ఒక్కసారి. చాలామందికి అదీ లేదు. ఇన్ని నీళ్లు తాగి, ఇదెలా కుదురుతుంది?"

"తాగలేదు మేడమ్," అంది కోడలు. "ఇస్త్రీపెట్టెలు తాగాయి. నా లెక్కలన్నీ తప్పు."

"తప్పు దానిది కాదు, మాది!" అని అత్తగారు ముందుకొచ్చింది. "దానికేం తెలీదు. నిన్నే చూసింది."

పెద్దావిడ రిజిస్టరు మూసింది. కోడలితో అంది, "ఉన్నదున్నట్టు రాస్తే ఇక్కడ ఫలితం సున్నా. నీ ఉద్యోగానికి నేను హామీ ఇవ్వలేను."

"సున్నా అనే రాయండి. ఎందుకు సున్నానో కూడా రాయండి."

ఆ మాట అనేశాక కోడలికి ఏడుపొచ్చింది. ఉద్యోగం పోతుందన్న బాధ నిజంగానే ఉంది.

అంతలో అత్తగారు ఇస్త్రీపెట్టె స్విచ్చి ఆపి, పెద్దావిడ చేతిలోంచి తాళంచెవి తీసుకుంది.

"ఎక్కడికి?" అన్నాడు సూపర్‌వైజరు, అలవాటు కొద్దీ.

"ఎనిమిది గ్లాసులు తాగాను నాయనా!"

ఆమె వెనక పక్కావిడ లేచింది. ఆవిడ వెనక ఇంకొకరు. ముప్పై ఇస్త్రీపెట్టెలూ ఆగిపోయాయి. వరస హాలు దాటి గుమ్మం దాకా సాగింది. రిజిస్టరు జోలికి ఒక్కరూ పోలేదు. సూపర్‌వైజరు పెద్దావిడ వైపు చూశాడు. ఆవిడ తల ఎత్తకుండా, కాయితం మీద ఏదో రాసుకుంటూనే ఉంది.

అత్తగారు బయటికొచ్చి, చేతులు కడుక్కుని, తాళంచెవిని వరసలో ముందున్నావిడకు అందించింది. కోడలి దగ్గరికొచ్చి తడి చేత్తోనే ఆమె కళ్లు తుడిచింది.

"ఇవాళ మంట పెద్దగా లేదే అమ్మాయ్," అంది.